అండ్ పెట్టాలా, ఆర్ పెట్టాలా? హోంవర్క్‌లో మొదలైన ఒక మసలా

మొన్న మగ్రిబ్ నమాజ్ అయ్యాక మా చిన్నమ్మాయి ఇంగ్లీషు నోట్సు పట్టుకుని నా దగ్గరికొచ్చింది. ఎనిమిదో తరగతి చదువుతోంది. ముఖం చిన్నబుచ్చుకుని ఉంది. "మీరు చెప్పిందే రాశాను అబ్బా. ఒకటి రైటు, ఇంకోటి తప్పని పెట్టారు మేడం" అంది.

చూశాను. రెండూ ఖాళీలు పూరించే ప్రశ్నలే. మొదటిది: "వియ్ వేర్ వులెన్ క్లోత్స్ సచ్ యాజ్ స్వెటర్స్, మఫ్లర్స్ ... షాల్స్." రెండోది: "బ్రింగ్ ఎ ఫ్రూట్ సచ్ యాజ్ ఎ మ్యాంగో, ఎ గువావా ... ఎ బనానా." ఖాళీలో అండ్ పెట్టాలా, ఆర్ పెట్టాలా? ముందురోజు రాత్రి ఆఫీసు నుంచి వచ్చి, అన్నం తింటూ, చూసీ చూడకుండా రెండింటికీ "అండ్ పెట్టెయ్ బేటా" అన్నది నేనే. మొదటిదానికి టిక్కు, రెండోదానికి ఇంటూ.

"రెండిట్లోనూ సచ్ యాజ్ ఉంది. రెండిట్లోనూ మూడు పేర్లున్నాయి. మరి ఫర్క్ ఏంటి అబ్బా?" అని అడిగింది.

ఇరవై ఏళ్లుగా వార్తలు రాసి బతుకుతున్నవాణ్ణి. ఇంగ్లీషు ఏజెన్సీ కాపీలు రోజూ తెలుగు చేస్తాను. అయినా ఆ నిమిషంలో నా దగ్గర జవాబు లేదు. "మేడంని అడుగు" అని తప్పించుకున్నాను. రాత్రి నిద్ర పట్టలేదు. నాకు తెలియకపోవడం సరే, ఇన్నేళ్లూ తెలుసనే అనుకున్నానే!

నేను చదివింది ఉర్దూ మీడియంలో. మా ఉస్తాద్ గారు బ్లాక్‌బోర్డు మీద రాసి బట్టీ పట్టించేవారు: అండ్ మానే ఔర్, ఆర్ మానే యా. తర్వాత తెలుగులో డిగ్రీ చేశాను. అక్కడ పోటీ పరీక్షల గైడ్లలో అవే మాటలు లిబాస్ మార్చుకుని వచ్చాయి: అండ్ అంటే మరియు, ఆర్ అంటే లేదా. మాటకు మాట నేర్పారు. ఎక్కడ ఏది వాడాలో, ఎందుకు వాడాలో ఎవరూ చెప్పలేదు. నేనూ నా కూతురికి అదే అంటగట్టాను. మన ఇళ్లలో చాలామంది పిల్లల కథ ఇదేనని నా అనుమానం.

తెల్లారి ఫజర్ తర్వాత చాయ్ తాగుతూ కూర్చుని ఆలోచిస్తే ఒక సంగతి తట్టింది. ఉదాహరణలు చెప్పేటప్పుడు మన భాషల్లో ఈ ఇబ్బంది పెద్దగా రాదు. తెలుగులో "మామిడి, జామ, అరటి లాంటి పండ్లు" అంటాం. మధ్యలో మరియు లేదు, లేదా లేదు. "లాంటి" చివర్లో వచ్చి పని మొత్తం చక్కబెడుతుంది. ఇంట్లో ఉర్దూలో అయితే "ఆమ్, జామ్, కేలా వగైరా" అనేస్తాం. అక్కడా అంతే. ఇంగ్లీషు అలా వదలదు. సచ్ యాజ్ ముందే వచ్చేస్తుంది. ఆ వెనక పేర్లు వరసకడతాయి. ఆఖరి పేరు ముందు ఏదో ఒకటి తేల్చి చెప్పమని పట్టుబడుతుంది: అండా, ఆరా? మనం మౌనంగా దాటిపోయే చోట ఇంగ్లీషు నిలబెట్టి సవాల్ వేస్తుంది. మన పిల్లలు తడబడేది సరిగ్గా అక్కడే. వాళ్లకు తెలివి లేక కాదు. తమ జుబాన్ ఎన్నడూ అడగని ప్రశ్నకు జవాబు చెప్పాల్సి రావడం వల్ల.

ఆ ప్రశ్న ఒక్కటే: నువ్వు చెప్పిన పేర్లన్నీ కలిపి లెక్కలోకి వస్తాయా, లేక వాటిలో ఏదో ఒకటి సరిపోతుందా?

స్వెటర్లు, మఫ్లర్లు, శాలువాలు. మూడూ ఉన్ని దుస్తులే, మూడూ వేసుకుంటాం. ఒక గుంపును చూపించి, అందులో ఇవన్నీ ఉన్నాయని చెబుతున్నాం. అక్కడ అండ్. రెండో వాక్యంలో తెమ్మన్నది ఒక్క పండు. మామిడైనా సరే, జామైనా సరే, అరటైనా సరే. అక్కడ ఆర్. గుర్తు కూడా వాక్యంలోనే ఉంది. సచ్ యాజ్‌కి ముందున్న మాట చూడండి. క్లోత్స్ బహువచనం. ఎ ఫ్రూట్ ఏకవచనం. ముందు ఒక్కటే అడిగి, వెనక మూడూ అండ్‌తో కట్టేస్తే లెక్క కుదరదు కదా!

బహువచనం ఉన్న ప్రతిచోటా అండే అని దీన్ని మళ్లీ బట్టీ పట్టించకండి. "కత్తి, కత్తెర లాంటి పనిముట్లతో ఈ తాడు కోయవచ్చు" అన్నామనుకోండి. పనిముట్లు బహువచనమే, కానీ తాడు కోసేటప్పుడు చేతిలో ఉండేది ఏదో ఒకటే. అక్కడ ఆర్ హాయిగా ఇముడుతుంది. అండ్ పెట్టినా ఎవరూ తప్పు పట్టరు. అసలు చూడాల్సింది అర్థాన్ని. వచనం ఒక ఇషారా మాత్రమే.

ఇంతకీ మన పిల్లలకు ఈ ఫర్క్ తెలియదా? తెలుసు. తెలుగులో ఎంత తేలిగ్గా చెబుతారో గమనించండి. "మామిడీ జామా అరటీ తెచ్చాను" అంటే మూడూ సంచిలో ఉన్నట్టు. "మామిడో జామో అరటో పట్టుకురా" అంటే ఏదో ఒకటి. మాట చివర కాస్త సాగదీస్తే అండ్, ఓ చేరిస్తే ఆర్. మరియు అక్కర్లేదు, లేదా అక్కర్లేదు. తెలుగు అన్నదమ్ముల్ని కూడా "అన్నా తమ్ముడూ" అని సాగదీసే కలుపుతుంది, మధ్యలో మరియు తెచ్చి పెట్టొద్దని డిగ్రీలో మా తెలుగు మాస్టారు నెత్తీ నోరూ బాదుకునేవారు. ఆ మాట విలువ ఇప్పుడు తెలుస్తోంది.

ఇక్కడ ఒక తమాషా కూడా ఉంది. మన ఉర్దూలో ఫార్సీ నుంచి వచ్చిన ఓ ఉంది. ఆబ్-ఓ-హవా అంటే నీరూ గాలీ. జాన్-ఓ-మాల్ అంటే ప్రాణమూ ఆస్తీ. అక్కడ ఓ అంటే అండ్. అదే ఓ తెలుగులో "నీరో గాలో" అనేసరికి ఆర్ అయిపోతుంది. ఒకే ఇంట్లో, ఒకే నోట, ఒకే శబ్దం రెండు ఉల్టా మానేలతో తిరుగుతోంది. అయినా మన పిల్లలు ఒక్కసారి కూడా గందరగోళపడరు. అంత సున్నితమైన పని రోజూ చేస్తున్న నాలుకకు ఇంగ్లీషులో అండూ ఆరూ ఒక లెక్కా?

వగైరా సంగతీ చెప్పేస్తాను. అది అరబ్బీ మాట. అందులో మొదటి "వ" అంటేనే "మరియు". అదీ, అది కానివి ఇంకొన్నీ అని దాని అర్థం. ఇంగ్లీషు ఎట్సెట్రా కూడా అచ్చం అంతే. లాటిన్‌లో ఎట్ అంటే మరియు. అందుకే అండ్ ఎట్సెట్రా అని రాస్తే అండ్ రెండుసార్లు పడినట్టు. సచ్ యాజ్ అని మొదలుపెట్టి చివర ఎట్సెట్రా తగిలించడం కూడా దండగే. సచ్ యాజ్ అన్నప్పుడే ఇవి కొన్ని నమూనాలని, ఇంకా ఉన్నాయని చెప్పేశాం. మన పిల్లల వ్యాసాల్లో ఈ రెండు తప్పులూ తరచుగా కనిపిస్తాయి.

"అర్థమైతే చాలదా భాయ్, ఒక్క మాటకు ఇంత బహస్ ఎందుకు?" అని మీరు అనొచ్చు. మాట్లాడేటప్పుడు చాలు. బజారులో, బస్సులో, ఫోన్లో ఎవరూ పట్టించుకోరు. కాగితం మీదకు ఎక్కినప్పుడే అసలు కథ మొదలవుతుంది.

మా వీధిలో ఒక ఖాలా ఉన్నారు. భర్త లేరు. మిషన్ కుట్టి ఇద్దరు ఆడపిల్లల్ని చదివిస్తున్నారు. పెద్దమ్మాయి స్కాలర్‌షిప్ దర్ఖాస్తుకు చిరునామా రుజువు కావాలన్నారు. ఫారం తెలుగు వైపున "రేషన్ కార్డు, కరెంటు బిల్లు మరియు ఇంటి పన్ను రసీదు వంటి పత్రాలు జతపరచవలెను" అని ఉంది. రేషన్ కార్డు ఉంది. ఇల్లు అద్దెది కాబట్టి బిల్లూ రసీదూ యజమాని పేరు మీద ఉన్నాయి, ఆయన ఉండేది వేరే ఊళ్లో. ఖాలా మిషన్ మూసి రెండు రోజులు ఆయన చుట్టూ తిరిగారు. బిల్లు దొరికింది, రసీదు దొరకలేదు. రసీదు లేనిదే తీసుకోమని ఆఫీసులో చెప్పారు. గడువు ఇంకొక్క రోజే ఉందనగా కాగితాలు పట్టుకుని మా ఇంటికొచ్చి ఏడ్చేశారు.

ఫారం తిప్పి ఇంగ్లీషు వైపు చూశాను. అక్కడ ఎనీ డాక్యుమెంట్ సచ్ యాజ్ అని ఉంది. మూడు పేర్లున్నాయి. మధ్యలో ఉన్నది ఆర్. అంటే రేషన్ కార్డు ఒక్కటీ చాలు! ఎవరో తెలుగు చేసేటప్పుడు డాక్యుమెంట్‌ని పత్రాలు చేశారు, ఆర్‌ని మరియు చేశారు. మర్నాడు ఖాలాతో వెళ్లి ఆ వైపు చూపించాను. గుమాస్తా రెండు వైపులా చదివి, తలాడించి, తీసుకున్నాడు. అల్హమ్దులిల్లాహ్, పని అయింది. అతను చెడ్డవాడేం కాదు. తన ముందున్న తెలుగు చదివి, అది చెప్పినట్టే నడుచుకున్నాడు. జుల్మ్ చేసింది ఒక మరియు. ఆ మరియు ఖాలాకి రెండు రోజుల మజ్దూరీ ఖరీదు చేసింది. ఇంగ్లీషు వైపు తిప్పి చూసేవాళ్లు పక్కన లేని ఖాలాలు ఇంకెంతమందో అనిపిస్తుంది.

ఇంకాస్త పెద్ద కాగితం సంగతికి వద్దాం. మన రాజ్యాంగంలోని 30వ అధికరణం మొదటి క్లాజు మైనారిటీలకు తమకు నచ్చిన విద్యాసంస్థలు పెట్టుకుని నడుపుకునే హక్కు ఇస్తుంది. అందులో మనం చూడాల్సిన ఆర్ ఒకటి, అండ్ ఒకటి ఉన్నాయి. మైనారిటీ ఎవరని చెప్పే చోట మతం, భాష అన్న రెండు మాటల మధ్య ఉన్నది ఆర్. మతం వల్ల గానీ, భాష వల్ల గానీ మైనారిటీ అయితే చాలు. ఇంట్లో తెలుగే మాట్లాడుకునే ముస్లిం కుటుంబాలు మన రెండు రాష్ట్రాల్లో ఎన్నో ఉన్నాయి. భాష లెక్కన వాళ్లు ఇక్కడ మైనారిటీ కారు, మతం లెక్కన అవుతారు. అక్కడ ఆర్ ఉంది కాబట్టే ఆ హక్కు వాళ్లకూ ఉంది. అండ్ ఉండి, దాన్ని ఉన్నదున్నట్టు చదివితే, మతమూ భాషా రెండూ వేరైతే తప్ప హక్కు దక్కేది కాదు.

ఇక అండ్ సంగతి. స్థాపించడం, నిర్వహించడం అన్న రెండు క్రియల మధ్య అది ఉంది. 1967లో అజీజ్ బాషా కేసులో సుప్రీంకోర్టు ఈ రెంటినీ కలిపి చదవాలంది. అంటే, స్థాపించినవారికే నిర్వహించే హక్కు. అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీని 1920 నాటి చట్టం ద్వారా ప్రభుత్వం ఏర్పాటు చేసింది గానీ ముస్లింలు స్థాపించలేదని, కాబట్టి దాన్ని నిర్వహించే హక్కు కోరలేరని చెప్పింది. ఆ మాట యాభై ఏళ్లకు పైగా నిలిచింది. 2024 నవంబరు 8న ఏడుగురు జడ్జీల బెంచి 4-3 తేడాతో ఆ తీర్పును తోసిపుచ్చింది. చట్టం ద్వారా ఏర్పడిందన్న ఒక్క కారణంతో మైనారిటీ సంస్థ కాదనలేమంది. యూనివర్సిటీని నిజంగా ఎవరు స్థాపించారో తేల్చే పని మరో బెంచికి వదిలింది. ఇన్నేళ్ల వివాదానికి ఒక్క అండే కారణమని నేననను, చరిత్ర ఉంది, సియాసత్ ఉంది. కానీ ఆ తీర్పు నిలబడిన స్తంభాల్లో ఆ చిన్న మాట ఒకటన్నది నిజం.

లేదు, కాదు అనే వాక్యాల్లో ఈ చిక్కు ఇంకా ముదురుతుంది. "అతను చింతపండు గానీ నిమ్మకాయ గానీ తినడు" అంటాం మనం. ఉర్దూలో "న ఇమ్లీ, న నింబూ". ఏదీ తినడని క్లియర్‌గా తెలిసిపోతుంది. ఇంగ్లీషులో ఇక్కడ ఆర్ పెట్టాలి. అండ్ పెడితే రెండూ కలిపి తినడా, విడివిడిగా తింటాడా అన్న శక్ మిగిలిపోతుంది. సచ్ యాజ్ ఉన్న వాక్యంలో అండ్ కూడా నడుస్తుంది, ఎందుకంటే అక్కడ పేర్లు పుల్లటి పదార్థాలనే గుంపుకు నమూనాలు మాత్రమే. సచ్ యాజ్ లేకుండా నేరుగా పేర్లు చెబితే మాత్రం ఆర్ పెట్టడమే క్షేమం.

ఇది పిల్లల పుస్తకాల్లో గొడవే కదా అనుకోకండి. అమెరికాలో 2018 నాటి ఒక చట్టం ఉంది. కొన్ని మాదకద్రవ్యాల కేసుల్లో కనీస శిక్ష కన్నా తక్కువ వేయడానికి అది జడ్జీకి వీలిస్తుంది. షరతు ఏమిటంటే, ముద్దాయికి ఫలానా ఫలానా పాత నేరచరిత్ర ఉండకూడదు. చరిత్ర మూడు రకాలుగా చెప్పి, చివర అండ్ పెట్టారు. మూడూ కలిసి ఉంటేనే నేను అనర్హుణ్ణి అని ఒక ముద్దాయి వాదించాడు. ఏ ఒక్కటి ఉన్నా అనర్హుడివే అని ప్రభుత్వం వాదించింది. 2024 మార్చిలో సుప్రీంకోర్టు 6-3 తేడాతో ప్రభుత్వం వైపు మొగ్గింది. ఇంగ్లీషే మాతృభాషగా ఉన్న దేశంలో, తొమ్మిదిమంది పెద్ద జడ్జీలు ఒక అండ్ దగ్గర రెండుగా చీలిపోయారు. అవతల మనుషుల జైలు సంవత్సరాలు ఉన్నాయి. ఇక మన ఎనిమిదో తరగతి పిల్ల తడబడితే సిగ్గుపడాల్సిందేముంది?

నిజానికి ఈ మసలా మన పెద్దలకు కొత్తది కాదు. జకాత్ ఎవరెవరికి చెందాలో చెబుతూ ఖురాన్ సూరా తౌబా 60వ ఆయత్‌లో ఎనిమిది వర్గాలను పేర్కొంది. వాటిని కలిపేది "వ", అంటే అండ్. దాన్ని బట్టి, ఉన్న వర్గాలన్నింటికీ జకాత్ చేరాలని ఇమామ్ షాఫయీ అన్నారు. ఆ వరస హక్‌దారులు ఎవరో చెప్పడానికే, ఒక్క వర్గానికి ఇచ్చినా జకాత్ అదా అవుతుందని ఇమామ్ అబూ హనీఫా అన్నారు. ఆయత్ ఒకటే, "వ" ఒకటే. ఇక ప్రమాణం తప్పినవారి కఫ్ఫారా చెప్పే సూరా మాయిదా 89వ ఆయత్‌లో పదిమంది పేదలకు అన్నం పెట్టడం, బట్టలివ్వడం, బానిసను విడిపించడం అన్న మూడింటి మధ్య ఉన్నది "ఔ", అంటే ఆర్. మూడింట్లో ఒకటి ఎంచుకునే వీలుంది. ఆ స్తోమత లేనివారికే మూడు రోజుల రోజా. నేను ఆలిమ్‌ని కాను, మసాయిల్ మీ మౌలానా గారినే అడగండి. నేను చెప్పేది ఇంతవరకే: ఒక వరసలో ఏ మాటతో కలిపారన్నది చూసి హుకుం తేల్చడం మన ఫిఖ్హ్‌లో వెయ్యేళ్లకు పైబడిన ఇల్మ్. ఆ వారసత్వం ఉన్న ఇళ్లలో పిల్లలకు అండ్ మానే ఔర్, ఆర్ మానే యా అని రెండు ముక్కలు చెప్పి చేతులు దులుపుకోవడం నాకు అఫ్సోస్‌గా అనిపిస్తోంది.

అమ్మీలకూ అబ్బాలకూ నా గుజారిష్ ఒకటే. పిల్లలు ఇంగ్లీషు వాక్యంతో వచ్చినప్పుడు "నాకు ఇంగ్లీషు రాదు" అని పక్కకు తప్పుకోకండి. నాలా చూడకుండా జవాబు కూడా చెప్పకండి. ఆ వాక్యం ఏం చెబుతోందో ఇంటి భాషలో చెప్పమనండి. పిల్లలు "మామిడీ జామా" అన్నారంటే అండ్. "మామిడో జామో" అన్నారంటే ఆర్. "గానీ గానీ లేదు" అన్నారంటే ఆర్. దీనికి మీకు ఇంగ్లీషు రానవసరం లేదు. చదువుకోని దాదీమా కూడా ఈ పాఠం చెప్పగలరు. టీచర్లకూ ఒక విన్నపం. ఇంటూ పెట్టి వదిలేయకుండా, పక్కన "అన్నీనా? ఒకటేనా?" అని రెండు మాటలు రాస్తే పిల్లలు జిందగీ అంతా మర్చిపోరు.

ఆ సాయంత్రం మా అమ్మాయికి ఇదంతా చెప్పాను. జకాత్ దాకా వెళ్లేసరికి ఆవులించింది గానీ, మామిడో జామో దగ్గర మాత్రం కళ్లు వెలిగాయి. "సొంతంగా ఒక వాక్యం రాయి చూద్దాం" అన్నాను. కాసేపు పెన్సిల్ కొరికి రాసింది. ఆదివారం ఖాలా, ఫుఫూ లాంటి చుట్టం ఒకరి ఇంటికి వెళ్దామని ఆ వాక్యం. మధ్యలో ఆర్ పెట్టింది.

"ఇద్దరిళ్లకూ ఎందుకు పోకూడదు? అండ్ పెట్టొచ్చుగా?" అని అడిగాను.

"అండ్ పెడితే ఇద్దరిళ్లలోనూ భోజనం చేయాలి అబ్బా. మీరు చేయగలరా?" అంది.

ఇన్షాఅల్లాహ్, ఆదివారం వాళ్ల ఖాలా ఇంటికి వెళుతున్నాం.